బాస్‌కి గుర్తుంది

మా అత్తకి ముక్కు మీద కోపం. నాది ముక్కుదాకా కూడా వెళ్ళదు, పెదవుల మీదే కాచుక్కూర్చుంటుంది. ఆమె సుద్దతో గీత గీయడం, నేను ఆ గీత వెంట కత్తెర నడపడం, ఇలా ఇన్నేళ్ళుగా ఒకే బల్ల దగ్గర ఇద్దరం నెగ్గుకొచ్చామంటే తెలిసినవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. అత్త మా నాన్నకి అక్క. కర్టెన్లు కుట్టే వర్క్‌షాపు ఆమెది. సైకిళ్ళ కొట్టు మీది మేడలో ఒక పొడుగాటి గది, గది పొడవునా ఒక బల్ల, కిటికీ పక్కన రెండు కుట్టుమిషన్లు, మూలన ఇస్త్రీ బల్ల, ఆ పక్కనే తలుపు లేని చిన్న వంటగది. అంతే మా సామ్రాజ్యం.

ఆ సామ్రాజ్యంలో బయటివాళ్ళు ఒక్కరూ లేరు. మిషన్ మీద అత్త చెల్లెలు, అంటే మా చిన్నత్త. ఇస్త్రీ దగ్గర అత్తకి చిన్నాన్న, నాకు తాతయ్య. వంటగదిలో అత్త భర్త, మామయ్య. ఆయన బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు మాకు మధ్యాహ్నం భోజనం వండుతూ, గరిటె తిప్పే చేత్తోనే నిఘంటువు తిరగేస్తుంటారు. ఆయన కూర మాడిన రోజున ఎవరికో ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు తెలిశాయని అర్థం.

ఇక మా టేపు సంగతి చెప్పాలి. గుండ్రటి తోలుపెట్టెలో చుట్టుకునే పొడుగాటి గుడ్డ టేపు అది. అత్త ఈ పని మొదలుపెట్టినప్పుడు వాళ్ళమ్మ కొనిచ్చింది. ఒకరోజు తాతయ్య ఇస్త్రీపెట్టె దాని మొదటి జానెడూ కాల్చేసింది. అప్పటి నుంచి దానికి మొదలు లేదు. దాంతో ఏది కొలిచినా, టేపు చూపించిన అంకె కన్నా అసలు గుడ్డ జానెడు తక్కువ ఉంటుంది. కాబట్టి గీత గీసేముందు ఆ జానెడూ కలపాలి. దాన్ని మేం తోక అంటాం. కొత్త టేపులు ఎన్ని కొన్నా అత్త చేతికి నచ్చలేదు, అన్నీ సొరుగులో పడి ఉన్నాయి. అత్త అంకె చదవగానే మేమంతా ఒక్క గొంతుతో అరుస్తాం.

"తోకక్కా!" అని చిన్నత్త.

"తోకమ్మాయ్!" అని తాతయ్య. ఆయనకి అత్త ఇప్పటికీ అమ్మాయే.

"తోకత్తా!" అని నేను.

"తెలుసులెండి, నాకేం మతిమరుపా?" అని అత్త కసురుతుంది. కసురుతూనే తోక కలుపుతుంది. ఆ అరుపు లేకుండా ఆమె ఒక్క గీత గీసి ఎరగదు.

ఒకరోజు కొత్తగా కట్టిన నాటకాల హాలు మేనేజరు మా మెట్లెక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, చేతిలో హాలు కొలతలు. స్టేజికి పెద్ద తెర కావాలి, అది బాగుంటే హాల్లోని కిటికీలన్నిటికీ కర్టెన్లు కూడా మాకే ఇస్తానన్నాడు. అంత పెద్ద పని మా మేడ ఎక్కడం అదే మొదటిసారి. ఇల్లిల్లూ తిరిగి కిటికీలు కొలిచిన మా అత్త కళ్ళు ఎలా వెలిగాయో నేను చూశాను. ఒక్కసారైనా పెద్ద పని చేసి నలుగురిలో తలెత్తుకోవాలని ఆమెకి ఎప్పటి నుంచో కోరిక.

నమూనాకి ఒక ముక్క కొలిచి చూపించమన్నాడు. అత్త కళ్ళజోడు కోసం బల్లంతా తడుముతుంటే చిన్నత్త, "నెత్తిమీదుంది కదే అక్కా" అంది. తాతయ్య, "అమ్మాయ్, పొద్దున మందు బిళ్ళ వేసుకున్నావా?" అన్నాడు. మామయ్య వంటగదిలోంచి, "ఏమోయ్, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావ్?" అని కేకేశారు. ఇంతలో అత్త అంకె చదివింది. ఇంకేముంది, అలవాటు ప్రకారం ముగ్గురం గొంతు చించుకుని "తోకా!" అన్నాం.

మేనేజరు పడీపడీ నవ్వాడు. "ఇది వర్క్‌షాపా, పెళ్ళివారిల్లా? ఇంతకీ ఇక్కడ బాస్ ఎవరండీ?" అన్నాడు.

ఆ నవ్వులో చెడ్డతనం లేదు. అయినా అత్త మొహం వాడిపోయింది. ఆర్డరైతే ఇచ్చాడు కానీ, మెట్లు దిగుతూ కూడా అతను తనలో తను నవ్వుకోవడం అందరికీ వినిపించింది. ఆ పూట అత్త ఎవరినీ కసరలేదు. అదే నన్ను భయపెట్టింది.

మర్నాడు పొద్దున్నే గడప దగ్గర నిలబడి శాసనం వినిపించింది. "ఇవాళ్టి నుంచి ఈ గడప లోపల నేను ఎవరికీ అక్కనీ కాదు, అత్తనీ కాదు. బాస్‌ని. అందరూ బాస్ అనాలి, మీరు అనాలి. అడక్కుండా సలహాలు వద్దు. అరుపులు అసలే వద్దు. వరస పెట్టి పిలిచినవాళ్ళకి ఆ పూట టీలో చక్కెర ఉండదు."

"నాకెలాగూ షుగరు కదా, చక్కెర వేసుకోను" అని తాతయ్య మురిసిపోయాడు.

"నీకు టీయే ఉండదు" అంది బాస్.

మొదటి పూట నేనూ చిన్నత్తా చప్పటి టీ తాగాం, తాతయ్యకి అదీ లేదు. చిన్నత్త "బాసక్కా" అని నాలుక కరుచుకుంది. దాన్ని సగం తప్పుగా లెక్కేసి సగం చెంచా చక్కెర ఇచ్చారు. తాతయ్య అయితే అమ్మాయ్ అనే మాట నోటిదాకా వచ్చిన ప్రతిసారీ దగ్గుతో కప్పేసేవాడు. మధ్యాహ్నానికి ఆయనకి నిజంగానే దగ్గు పట్టుకుంది. నేను మాత్రం మొండికెత్తి అసలు పిలవడమే మానేశాను. కత్తెరతో బల్ల మీద టకటకమని కొట్టి మాట్లాడించేదాన్ని.

ఈ గొడవలో పండగ చేసుకున్నది మామయ్య ఒక్కరే. ఒక పొద్దున టీలు అందిస్తూ మొదలుపెట్టారు.

"అసలు బాస్ అనే మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? అది ఇంగ్లీషువాళ్ళ సొంత మాట కాదు. డచ్చి భాషలోంచి వచ్చింది. అమెరికాలో స్థిరపడిన డచ్చివాళ్ళు పని చేయించే పెద్దని ‘బాస్’ అనేవాళ్ళు. అక్కడి కూలిపని చేసేవాళ్ళకి యజమానిని ‘మాస్టర్’ అనడం ఇష్టం లేకపోయింది. ఆ మాట అంటే తాము బానిసలమో, నౌకర్లమో అన్నట్టుంటుంది కదా! అందుకని పక్కవాళ్ళ మాట అరువు తెచ్చుకున్నారు. పని చేస్తాం గానీ తల వంచం అని చెప్పడానికి తెచ్చుకున్న మాటన్నమాట."

"అయితే ఇది వంగని మాటా?" అంది చిన్నత్త, చప్పటి టీ వంక దీనంగా చూస్తూ.

"అసలు తమాషా ఇంకా చెప్పలేదు. దాని వెనక ఇంకో సగం ఉంది..."

"ఆ సగం తర్వాత. ముందు ఉల్లిపాయలు తరగండి" అంది అత్త.

"చిత్తం, బాస్" అన్నారు మామయ్య. నోరు మూసుకున్నారు గానీ, ఆ మిగిలిన సగం కడుపులో పెట్టుకుని తిరగడం ఆయనకి ఎంత కష్టమో మొహంలో కనిపిస్తూనే ఉంది.

ముదురు ఎరుపు మఖమలు తాను వచ్చింది. దాన్ని ఇద్దరం మోసుకొచ్చి బల్ల మీద పడేస్తే బల్ల మూలిగింది. తాకితే చెయ్యి వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. అలాంటి గుడ్డని కొయ్యాలని నేను కత్తెరని రెండుసార్లు తుడుచుకున్నాను.

అత్త టేపు విప్పింది. గుడ్డ అంచు దగ్గర పట్టింది. హాలువాళ్ళిచ్చిన పొడవుకి మడతలు కలిపి అంకె చదివింది. చిన్నత్త అలవాటు కొద్దీ "తో..." అంది.

అత్త తలెత్తింది. "బాస్‌కి గుర్తుంది" అంది.

చిన్నత్త నోరు టక్కున మూసుకుంది. అత్త గీత గీసింది. నేను కోశాను. ఆ మొదటి ముక్కకి ఆమె తోక కలిపిందో లేదో బల్లకి ఇవతల ఉన్న నాకు కనిపించలేదు. రెండో ముక్కకి అంకె చదివాక గది గదంతా ఒక్క క్షణం ఆగింది. మిషన్ ఆగింది. ఇస్త్రీపెట్టె గాలిలో ఆగింది. అందరి గొంతుల్లో ఒకటే మాట అడ్డుపడి ఉంది. ఎవరూ కిక్కురుమనలేదు. బాస్‌కి గుర్తుందని బాసే అంది కదా! తాతయ్య దగ్గాడు. గీత పడింది. నేను కోశాను. ఇక వరసగా అన్నీ అలాగే.

చివరికి తాను మీద చాలా గుడ్డ మిగిలింది. నేను లోలోపల పొంగిపోయాను. ఇంత పొదుపుగా కోసేవాళ్ళు ఊరంతా వెతికినా దొరకరనుకుని, మిగిలింది చుట్టి అలమర మీద పెట్టాను.

కుట్టు పూర్తయ్యాక, సాయంత్రం హాలు ప్రారంభమనగా ఆ పొద్దున్నే వెళ్ళి తెర కట్టాం. మడతలు దించి, పైన కడ్డీకి రింగులు తొడిగి, తాళ్ళు సరిచేసేసరికి అందరి నడుములూ విరిగాయి. మామయ్య కూడా నిచ్చెన పట్టుకోవడానికి వచ్చారు. అత్త తనకున్నవాటిలోకెల్లా మంచి చీర కట్టుకుని మేనేజరు పక్కన మొదటి వరసలో కూర్చుంది. మేం నలుగురం తెర వెనక నిలబడ్డాం. రెండు వైపుల నుంచీ తెర వచ్చి మధ్యలో కలుసుకుంది.

అటు నుంచి చప్పుడు లేదు. మేం చప్పట్ల కోసం చూస్తున్నాం. చిన్నత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను తల వంచి చూద్దును కదా, తెర కింద నుంచి వెలుతురు వచ్చి నా పాదాల మీద పడుతోంది. సరిగ్గా జానెడు వెలుతురు.

అటువైపు నుంచి అత్తకి ఏం కనిపించిందో తర్వాత ఆమే చెప్పింది. అంత గొప్ప ఎర్ర తెర కింద నాలుగు జతల కాళ్ళు వరసగా నిలబడి ఉన్నాయట. ఒక కాలికి నల్ల చెప్పు, ఒక కాలికి గోధుమరంగు చెప్పు ఉన్నవి తాతయ్యవి. మడమల దగ్గర దారప్పోగులు అంటుకున్నవి చిన్నత్తవి. వంటింటి చెప్పులతోనే వచ్చేసినవి మామయ్యవి. భయం వేస్తే ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టి తొక్కుకునేవి, చిన్నప్పటి నుంచీ ఆమె చూస్తున్నవి, నావి. మొహాలు కనపడకపోయినా ఎవరు ఎంత వణుకుతున్నారో అత్తకి తెలిసిపోయిందట.

"తోక!" అని ఖాళీ హాలంతా మార్మోగేలా కేక వినిపించింది. ఈసారి ఆ కేక వేసింది అత్త.

మేనేజరుకి ఏమీ అర్థం కాలేదు గానీ, తెర పొట్టిదని మాత్రం అర్థమైంది. ఇక అతను నవ్వలేదు. "సాయంత్రానికి ఊరి పెద్దలంతా వస్తారండీ. వాళ్ళకి కాళ్ళు చూపిస్తామా? మధ్యాహ్నం లోగా సరి చేస్తే సరే, లేకపోతే ఏదో పాత తెర అద్దెకి తెచ్చుకుంటాను. ఇక కిటికీల సంగతి అడగొద్దు" అని బయటికి వెళ్ళిపోయాడు.

అత్త తెర వెనక్కి వచ్చింది. ఆమె అగ్గి మీద గుగ్గిలమవుతుందనుకున్నాను. నెమ్మదిగా స్టేజి చెక్కల మీద చతికిలబడింది.

"మీలో ఒక్కరికీ గుర్తు రాలేదా?" అంది.

"అందరికీ గుర్తొచ్చిందక్కా" అని చిన్నత్త ఏడుపు గొంతుతో అంది. "బాస్‌కి గుర్తుందన్నావు... అన్నారు కదా. మళ్ళీ చెప్తే నిన్ను పదిమందిలో చిన్నబుచ్చినట్టవుతుందేమోనని..."

"నాకు తోక ఎప్పుడూ గుర్తుండదే. మీరు అరుస్తారని మాత్రమే గుర్తుంటుంది" అంది అత్త. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎప్పుడూ మా మీద అరిచే మనిషి, ఇన్నేళ్ళూ మా అరుపు మీద బరువంతా వేసి నిలబడిందని నాకు ఆ నిమిషం దాకా తెలియదు.

తాతయ్య ఆమె తల మీద చెయ్యి వేసి, "ఊరుకో అమ్మాయ్, ఊరుకో" అన్నాడు. దగ్గలేదు.

మామయ్య గొంతు సవరించుకున్నారు. "ఇప్పుడైనా ఆ మిగతా సగం చెప్పనా?"

"ఈ గొడవలో మీ పాఠమొకటా!" అంది అత్త. కానీ వద్దనలేదు.

"బాస్ అనే డచ్చి మాట అంతకుముందు ఎక్కడిదో ఎవరికీ సరిగ్గా తెలియదు. మొదట్లో దానికి బాబాయో మేనమామో అనే అర్థం ఉండేదేమోనని కొందరు పండితుల ఊహ. పాత జర్మన్ భాషలో దానికి దగ్గరి మాట ఒకటుంది, ‘బాసా’ అని. దాని అర్థమేమిటో తెలుసా? మేనత్త."

అందరం ఆయన వంక నోరెళ్ళబెట్టి చూశాం.

"అంటే బాస్ అంటే అత్తేనా?" అన్నాను.

"అని కొందరి అనుమానం. రుజువు లేదు. మిగతా పండితులు ఒప్పుకోరు."

అత్త పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఒప్పుకోనివాళ్ళకి మేనత్త ఉండి ఉండదు" అంది.

ముందు చిన్నత్తకి నవ్వొచ్చింది. తర్వాత తాతయ్యకి. కాసేపటికి ఐదుగురం స్టేజి మీద పొట్టలు పట్టుకుని నవ్వుతున్నాం. పని చెడిపోయి, పరువు పోబోతూ, అలా నవ్వడం మా ఇంటివాళ్ళకే చెల్లింది. ఆ నవ్వు మధ్యలో నా బుర్రకి అలమర మీది గుడ్డ గుర్తొచ్చింది. నేను ఎగిరి గంతేశాను.

"అత్తా! తోకలెక్కడికీ పోలేదు. తాను మీదే ఉన్నాయి. ఒక్కో ముక్కకీ మనం తక్కువ కోసిన జానెడూ కలిసి అంతా మిగిలే ఉంది. నేనేదో పొదుపు చేశాననుకుని మురిసిపోయాను చూడు!"

"అడ్డంగా కోసి, అతికి, తెర కింద పట్టీలా వేద్దామక్కా" అని చిన్నత్త అందుకుంది. "అతుకు మీద బంగారు రంగు పట్టీ కుడితే కావాలని పెట్టినట్టుంటుంది."

"కిందంచు బరువెక్కితే తెర ఇంకా నిండుగా జారుతుంది" అన్నాడు తాతయ్య.

అత్త లేచి కొంగు బిగించింది. "అయితే ఇంకా నిలబడి చూస్తారేం? నువ్వు పరుగెత్తి ఆ గుడ్డా, బంగారు రంగు పట్టీ పట్రా. చిన్నాన్నా, నువ్వు తెర దింపించు. ఏమండీ, మన మేడ కింది సైకిళ్ళ కొట్టాయన్ని అడిగి బండి తీసుకుని మిషనూ, ఇస్త్రీపెట్టే ఇక్కడికే తెప్పించండి."

స్టేజి మీదే వర్క్‌షాపు పెట్టాం. నేను గుడ్డతో తిరిగొచ్చేసరికి తెర దిగింది, మిషన్ ఎక్కింది. ఏం జరుగుతోందో చూద్దామని మేనేజరు కూడా వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. అతన్ని చూడగానే మేం మళ్ళీ సర్దుకుని నిలబడ్డాం.

అత్త టేపు విప్పింది. పట్టీ గుడ్డ అంచున పట్టింది. అతను వింటున్నాడని తెలిసే, గట్టిగా అంకె చదివింది. చదివి, సుద్ద పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉంచి ఆగింది.

మేం మేనేజరు వంక చూశాం.

అత్త మా అందరి మొహాల వంకా చూసింది. "ఏం, నోళ్ళు పడిపోయాయా?" అంది.

"తోకత్తా!" అని నేను అరిచాను. "తోకక్కా!" అని చిన్నత్త. "తోకమ్మాయ్!" అని తాతయ్య. ఎన్నడూ మాతో గొంతు కలపని మామయ్య కూడా "తోకోయ్!" అన్నారు. అన్ని రోజులు గొంతుల్లో దాచుకున్న అరుపు కదా, హాలు పైకప్పు దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

"తెలుసులెండి, నాకేం మతిమరుపా?" అని అత్త కసిరింది. తోక కలిపి, గీత గీసింది.

పట్టీ కుట్టి, తాతయ్య ఆవిరి పెట్టి, తెర మళ్ళీ కట్టేసరికి మధ్యాహ్నం కావస్తోంది. ఈసారి ఐదుగురం తెర వెనకే నిలబడ్డాం. తెర మూసుకుంది. కింద ఒక్క గీతంత వెలుతురు కూడా రాలేదు. అటువైపు నుంచి చప్పట్లు వినిపించాయి. ఒక్క మనిషివే. అయినా మాకు హాలు నిండినట్టే ఉంది.

మేనేజరు తెర పక్కకి లాగి లోపలికి వచ్చాడు. ముందే అనుకున్నదానికన్నా ఇదే బాగుందన్నాడు. కిటికీలు ఎప్పుడు కొలుస్తారని అడిగాడు. తర్వాత కాస్త మొహమాటపడుతూ, "ఆ రోజు అడిగితే చెప్పలేదు. ఇంతకీ మీలో బాస్ ఎవరండీ?" అన్నాడు.

"నేనేనండీ" అంది అత్త, తల పైకెత్తి. "వీళ్ళు నా మీద అరుస్తారు, నేను వీళ్ళ మీద అరుస్తాను. అరవని రోజున పని ఎలా ఉంటుందో పొద్దున మీరే చూశారు. ఇక ఆ మాటకి అర్థం కావాలంటే మా ఆయన్ని అడగండి. ఖాళీగానే ఉన్నారు."

మామయ్య మొహం వెలిగిపోయింది. మేనేజరు భుజం మీద చెయ్యి వేసి మొదటి వరస కుర్చీల వైపు తీసుకెళ్ళి, "అది ఇంగ్లీషువాళ్ళ సొంత మాట కాదండీ..." అని మొదలుపెట్టారు. పాపం, అతను అప్పుడే లేస్తాడని మాకెవరికీ ఆశ లేదు.

అత్త ఫ్లాస్కు మూత తీసి అందరికీ టీ పోసింది. నా గ్లాసులో చక్కెర రెండింతలు వేసింది. తాతయ్యకి కూడా పోసింది, చక్కెర లేకుండా. నేను ఒక గుక్క తాగి, "బాగుంది, బాస్" అన్నాను.

"అత్తా అనవే" అంది అత్త.

"అదే కదా అన్నాను" అన్నాను.